స్విచ్చి మీద ఎర్ర తువ్వాలు

చినలింగాల,
18 జులై 2000.

బసవా,

నువ్వెక్కిన బస్సు మలుపు తిరిగాక నేను రోడ్డు మీద నిలబడలేదు. నిలబడితే నలుగురూ చూస్తారు. ఇంట్లోకి వచ్చి, పొద్దున్న తోమిన గిన్నెలే మళ్ళీ ముందేసుకుని తోమాను. మీ నాన్న అరుగు మీంచి "అరిగిపోతాయే, వాటినొదిలెయ్యి" అన్నారు. ఆ మనిషి నాతో ఒక మాట పూర్తిగా అని ఎన్నాళ్ళయిందో. అందుకని అదీ బాగానే అనిపించింది.

నేను చదివింది అయిదో తరగతి. ఒత్తులు తప్పితే నవ్వకు. ఫోను చేద్దామంటే ఊళ్ళో ఉన్న ఒక్క బూత్‌లోనూ ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. నేను హలో అనకముందే వాళ్ళు నా మొహంలోకి జాలిగా చూస్తారు. ఇక ఫోను పెట్టేసి వచ్చేస్తాను. కాగితమైతే ఏడ్చినా దానికి తెలియదు, నీకూ తెలియదు.

మీ అన్నయ్య పాండు సంవత్సరీకం అయిందో లేదో నువ్వు సముద్రం పక్కన రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నావు. నేను వద్దనలేదు. వరి మీద ఏం మిగులుతోందో నాకూ తెలుసు. నిన్ను బందరులో బీకాం చదివించింది నారుమడిలో కూర్చోబెట్టడానికి కాదు. అయితే ఒకటడుగుతాను. ఆ చెరువులకి కరెంటు కావాలా? భాగ్యమ్మ పిన్ని చెప్పింది, నీళ్ళలో ఏవో చక్రాలు తిరుగుతూ ఉంటాయట, అవి మోటార్లతో తిరుగుతాయట. నిజమేనా? చెరువంటే నీళ్ళు, నీళ్ళలో కరెంటు. ఆ రెండు మాటలూ పక్కపక్కన రాయడానికే నాకు మనసొప్పడం లేదు.

పిన్ని రేపు నాగాయలంక వాళ్ళింటికి వెళ్తూ ఈ మూట నీకిస్తుంది. గోంగూర పచ్చడి ఉంది, సున్నుండలున్నాయి, ఒక ఎర్ర తువ్వాలుంది. పెడన నేతవాళ్ళు వీధిలోకి తెస్తే ఏరి కొన్నాను, రంగు దూరానికి కూడా కనబడాలని. అది ఎప్పుడూ దగ్గర పెట్టుకో. ఎందుకో నీకు తెలుసు, నేను రాయలేను.

వేళకి తిను. తడి కాళ్ళతో దేన్నీ ముట్టుకోకు.

నీ అమ్మ,
లక్ష్మీకాంతమ్మ

నాగాయలంక,
27 జులై 2000.

అమ్మా,

నీ ఒత్తులన్నీ ఉన్నాయి, ఒక్క దీర్ఘం మాత్రం బస్సులో పడిపోయినట్టుంది. సున్నుండలు నేను చూసేసరికి సగం పిన్నివాళ్ళింట్లోనే అయిపోయాయి. తువ్వాలు అందింది. నువ్వు ఏ గుడిలోనో పూజ చేయించి పంపి ఉంటావని, షెడ్డులో వెంకన్న పటం మీద వేశాను. పటం నిండుగా ఉంది.

ఇక్కడ పొద్దున్నే గట్టు మీద నిలబడితే కనుచూపు మేర చెరువులే. వరి అన్న మాటే లేదు. ఉప్పు నేల, వరి వేస్తే మొలకే రాదు. అదే నేల ఇప్పుడు బంగారమయింది. రొయ్య పిల్ల వదిలాం. అవి ఇప్పుడు బియ్యపు గింజంత ఉన్నాయి. చూస్తే నవ్వుతావు, మీసాలు మాత్రం మన ఇంటి గోవర్ధనరావుగారి మీసాలే. (నాన్నకి ఇది చదివి వినిపించకు.)

పోయిన వారం బందరు కలెక్టరాఫీసులో మీటింగుకి వెళ్ళాను. జిల్లాలో ఎక్కడెక్కడ ఎదుగుదలకి వీలుందో చెప్పారు. రొయ్యలు, చేపలు, ఐసు ఫ్యాక్టరీలు, మేత తయారీ, పెడన కలంకారీకి పైదేశాల్లో గిరాకీ, మళ్ళీ ఓడలొచ్చే రేవు. గిలకలదిండి నుంచి వచ్చిన ఒక పడవల పెద్దాయన లేచి, "రేవు మా తాత చిన్నప్పటి నుంచి వస్తానే ఉందండీ, మీరు ముందు ఐసు సంగతి చూడండి" అన్నాడు. హాలంతా నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ఆ మాటలన్నీ నిజమయ్యేలాగే అనిపించాయి అమ్మా. మొదటిసారి మన జిల్లాలోనే ఉండి బతకొచ్చు అనిపించింది.

చక్రాల మాట నిజమే. వాటిని ఏరేటర్లంటారు. నీళ్ళని చిలుకుతూ ఉంటాయి, ఆ చిలకడంలోనే రొయ్యలకి గాలి అందుతుంది. భయపడేదేం లేదు.

బసవయ్య

చినలింగాల,
6 ఆగస్టు 2000.

బసవా,

పటం మీద వెయ్యడానికి కాదురా!

నీకు తెలుసనుకున్నాను. నువ్వు అప్పుడు బందరు హాస్టల్లో ఉన్నావు, నీకెవరూ కుదురుగా చెప్పినట్టు లేరు. నేనూ చెప్పలేదు. ఇవాళ రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను, కాబట్టి తప్పులు చూడకు.

మన పొలాలకీ ఈ వీధికీ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మల వెనకాల ఉంటుంది. దాని స్విచ్చి మాత్రం ఇవతల రోడ్డు పక్క స్తంభానికుంటుంది. ఇక్కణ్ణుంచి చూస్తే తుమ్మలే తప్ప అక్కడ మనిషి ఉన్నాడో లేడో కనబడదు. ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం చూస్తే పొద్దుగుంకుతుంది, ఆయన ఒక్కడూ ఎన్ని ఊళ్ళు తిరుగుతాడు? అందుకని మనవాళ్ళే వేసుకుంటారు. కరెంటు ఆగేలా హ్యాండిల్ కిందికి దించి, భుజం మీది తువ్వాలు దాని మీద వేసి వెళ్తారు. తువ్వాలుందంటే పైన మనిషున్నాడని. దాన్ని ఎవరూ ముట్టుకోరు. మీ తాత రోజుల నుంచీ ఇదే పద్ధతి, ఎవరూ ఎవరికీ నేర్పరు, పొలం వెళ్ళే పిల్లలకి అదే తెలుస్తుంది.

కిందటేడు కాలవ నీళ్ళు ఆలస్యమయ్యాయి. నారుమళ్ళు ఎండుతున్నాయని అందరూ మోటార్లు పెట్టారు. ఫ్యూజు పోయింది. అన్నయ్య హ్యాండిల్ దించి తువ్వాలు వేసి వెళ్ళాడు. అది కూడా ఎరుపే. ఎదురింటి అచ్చమ్మ వదిన కొడుకు రవికుమార్ వచ్చి హ్యాండిల్ ఎత్తాడు.

అంతే. అంతకన్నా రాయలేను.

కానీ నాకు నిద్రలో కూడా కనబడేది అది కాదు. ఆ పిల్లాడు రోడ్డు మీద పరుగెత్తుకుంటూ మన వాకిట్లోకొచ్చాడు, "అత్తయ్యా, పాండు బావ..." అంటూ. అన్నయ్య తువ్వాలు వాడి భుజం మీదుంది! తన నారుమడి తడపాలన్న ఆత్రంలో తువ్వాలు లాగేసి, తన భుజాన వేసుకుని, నా కొడుకు మీదికి కరెంటు వదిలాడు. ఆ తువ్వాలు నేనే లాక్కున్నాను వాడి దగ్గర్నుంచి. అప్పటి నుంచి ఆ ఇంటి వైపు నేను చూడను. మన వాకిలి ముగ్గు కూడా అటు పక్కకి పోకుండా వేస్తాను.

ఇప్పుడు తెలిసిందా తువ్వాలు ఎందుకో? నిజం చెప్పు. నువ్వు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతున్నావా?

అమ్మ

నాగాయలంక,
16 ఆగస్టు 2000.

అమ్మా,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని చదివాను. తర్వాత చాలాసేపు మేత వెయ్యడం కూడా మర్చిపోయాను. నాకు ఇంత తెలియదు. షాకు కొట్టిందని మాత్రమే చెప్పారు.

నేను ఎక్కను. నీ మీద ఒట్టు. ఇక్కడ మా చెరువులన్నిటికీ కలిపి బాలస్వామి అని ఒకతను ఉన్నాడు. ఫ్యూజు వెయ్యడం, మోటార్లు చూడటం అతని పనే. నోట్లో చుట్ట తీస్తే మాట, పెడితే పని. వాళ్ళమ్మ రోజూ గట్టు మీదికి క్యారేజీ తెస్తుంది. ఆవిడకి చెవులు వినబడవు. అందుకని నేను వద్దన్నా వినబడక నాకూ ఒక ముద్ద పెట్టేస్తుంది. నువ్వే గుర్తొస్తావు.

నీకొకటి అర్థం కావాలి. వరికి నీళ్ళు ఇవాళ కాకపోతే రేపు పెట్టొచ్చు. రొయ్యకి అలా కాదు. చక్రాలు ఆగి, పైన మబ్బుండి, గాలి లేకపోతే కాసేపట్లో అవి గట్టువారకి చేరి తేలిపోతాయి. మొత్తం పంట కళ్ళ ముందే పోతుంది. పెద్ద రైతులకి జనరేటర్లున్నాయి. ఈ పంట బయటపడితే నేనూ కొంటాను. అప్పుడు ఫ్యూజుతో పనే ఉండదు. అంచేత ఈ ఒక్క పంటా నన్ను చెయ్యనియ్యి. "వచ్చెయ్, వచ్చెయ్" అని రాయకు.

బసవయ్య

చినలింగాల,
5 సెప్టెంబరు 2000.

బసవా,

నేను వచ్చెయ్ అని ఒక్కసారి కూడా రాయలేదు. నా ఉత్తరాలు తీసి చూసుకో. ఇవాళ రాస్తున్నాను. వచ్చెయ్.

వినాయకచవితికి భాగ్యమ్మ పిన్ని వచ్చింది. కూర్చోగానే "అక్కా, నువ్వు పంపిన తువ్వాలు ఎవడో చుట్ట కాల్చే మనిషి భుజాన చూశానే, వాడు దాంతో మొహం తుడుచుకుంటున్నాడు" అంది. నేను నమ్మలేదు. "పెడన నేత, పచ్చంచు, నేను మూట కట్టింది నాకు తెలియదా?" అంది. ఇంకా ఏమందో తెలుసా? "మీవాడికేం, ఎప్పుడు చూసినా స్తంభాల దగ్గరే ఉంటాడు" అంది. అది నవ్వుతూ చెప్పింది, నువ్వు కష్టపడుతున్నావని మెచ్చుకుంటూ. నా చేతిలోని పళ్ళెం జారిపోయింది.

నేను అంత స్పష్టంగా రాశాక కూడా నువ్వు తువ్వాలు ఎవరికో ఇచ్చేశావంటే ఏమనుకోవాలి? తువ్వాలు లేకుండా ఎక్కుతున్నావనేగా? ఒట్టు వేసింది నా మీద. నేనేమైనా ఫరవాలేదు అనుకున్నావేమో. నాకేమీ కాదురా, నేను రాతి మనిషిని, నిన్న కూడా అన్నం తిన్నాను.

పండక్కి అచ్చమ్మ వదిన గిన్నెలో ఉండ్రాళ్ళు పంపింది. ఏడాదిగా ప్రతి పండక్కీ పంపుతుంది. నేను మూత కూడా తియ్యకుండా తిప్పి పంపేశాను. మీ నాన్న "అదేం పని" అన్నారు. "మీరు తినండి వెళ్ళి" అన్నాను. ఆయన చెప్పులేసుకుని పొలం వెళ్ళిపోయారు. ఇక్కడి సంగతులు ఇలా ఉన్నాయి.

చెరువు ఎవరికైనా అప్పగించు. ఆ మీటింగులో ఇన్ని రకాలు చెప్పారని రాశావు కదా. కలంకారీ అద్దకం ఉంది. దానికి చెక్క అచ్చు, రంగు, గుడ్డ చాలు, కరెంటు అక్కర్లేదు. దానివల్ల ఎవరూ చచ్చిపోరు.

అమ్మ

నాగాయలంక,
13 సెప్టెంబరు 2000.

అమ్మా,

తువ్వాలు బాలస్వామికి ఇచ్చాను. నువ్వు చెప్పింది అర్థమై ఇచ్చాను. ఎక్కేది అతను కాబట్టి అతనికే కదా కావలసింది? పటం మీంచి తీసి, మన ఊరి పద్ధతి చెప్పి చేతిలో పెట్టాను. మొదట నవ్వాడు. ఇప్పుడు రోజూ హ్యాండిల్ మీద వేసే వెళ్తున్నాడు. మంచి పని చేశానని నీకు రాద్దామనుకున్నాను. ఈలోగా నువ్వే తీర్పు చెప్పేశావు.

స్తంభాల దగ్గర ఉంటానంటే, నా చెరువు గట్టు వాటి పక్కనే ఉంది. ఇంకెక్కడ ఉండను? పిన్నికి ఏం కనబడినా అదొక కథ.

కలంకారీ నేర్చుకోమంటున్నావు. నా చేత్తో ఒక గీత సరిగ్గా గీసుంటే చిన్నప్పుడే డ్రాయింగు మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి ఉండేవారు కాదు. అసలు సంగతి నాకు తెలుసమ్మా. అన్నయ్య వదిలిన నాగలి నేను పట్టాలి, అన్నయ్య మంచం మీద నేను పడుకోవాలి, మీ ఇద్దరి కళ్ళ ముందు తిరగాలి. అంతే కదా? నేను అన్నయ్యని కాను. ఆ ఇంట్లో ఊపిరాడకే వచ్చాను. రొయ్యలకి చక్రాలు తిప్పుతున్నాను కానీ, నాకు గాలి ఆడుతున్నది కూడా ఇక్కడే.

బసవయ్య

చినలింగాల,
24 సెప్టెంబరు 2000.

బసవా,

నువ్వు అన్నయ్యవి కావని నాకు తెలుసు. అన్నయ్య నాకు ఉత్తరం రాయలేడు.

తువ్వాలు సంగతి నేను తప్పుగా అనుకున్నాను. అతనికి ఇచ్చి మంచి పని చేశావు. అతని తల్లికి నా దణ్ణం చెప్పు. వినబడకపోయినా చెప్పు.

నిన్ను నాగలి పట్టించడానికి పిలవలేదు. ఎందుకు పిలిచానో చెబితే పిచ్చిదాన్ననుకుంటావు. కరెంటు పోతే ఊళ్ళో అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం అప్పుడే కుదురుగా కూర్చుంటాను. తీగల్లో ఏమీ లేదు కదా, ఎవరికీ ఏమీ కాదు. వచ్చినప్పుడే నాకు భయం. వీధిలో పిల్లలు "వచ్చింది, వచ్చింది" అని కేకలేస్తారు. ఫ్యాను తిరగడం మొదలవుతుంది. నేను చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎక్కడో ఎవరో పైన ఉన్నారేమో, వాళ్ళమ్మ అన్నం వారుస్తూ ఉందేమో అని. ఆ రోజు మన ఇంట్లో కూడా ఫ్యాను తిరిగింది. నేను "హమ్మయ్య, వచ్చింది" అనుకున్నాను. పక్కింటావిడతో కూడా అన్నాను. ఆ సమయానికి నా కొడుకు...

ఇక్కడ ఫ్యాను తిరిగినప్పుడల్లా అక్కడ నువ్వు ఎక్కడున్నావో నాకు తెలియదు. అంతే నా బాధ. నీ పంట బాగా రావాలి. జనరేటరు కొనుక్కో. నేను ఇక అడగను.

మీ నాన్న పేపర్లో రేవు గురించి వచ్చిందని గట్టిగా చదివారు, నాకు వినబడాలని. "వాడు చెప్పిందే వేశారే" అన్నారు. గొంతులో కాస్త గర్వం ఉంది. నీకు ఆయన చెప్పరు, నేను చెబుతున్నాను.

అమ్మ

నాగాయలంక,
11 అక్టోబరు 2000.

అమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ముందే చెబుతున్నాను, నేను బాగున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. అది నమ్మాకే తర్వాతది చదువు.

మూడు రోజులుగా ముసురు. గాలి ఒక్క ఆకు కదపలేదు. మొన్న మధ్యాహ్నం చక్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రొయ్యలు ఇప్పుడు నా వేలంత ఉన్నాయి. చూస్తూండగానే గట్టువారకి వచ్చేశాయి. నీటి అంచంతా మీసాలే. పక్క చెరువు పెద్దాయన, "అవతల లైన్లో కరెంటుందయ్యా, మన ఫ్యూజే కొట్టేసింది" అని అరిచాడు. బాలస్వామిని కేకేశాను. పలకలేదు. స్విచ్చి స్తంభం దగ్గరికి పరుగెత్తాను. ఇక్కడా మన ఊళ్ళోలాగే, స్తంభం గట్టు చివర, ట్రాన్స్‌ఫార్మర్ పొదల వెనక.

హ్యాండిల్ కిందికి దించి ఉంది. ఎవరో దించి ఎత్తడం మర్చిపోయారనుకున్నాను. దాని మీద ఎర్ర తువ్వాలుంది.

అమ్మా, అది నాకు కనబడింది. కనబడలేదని చెబితే నువ్వు నమ్ముతావు, కానీ కనబడింది. పచ్చంచు కూడా కనబడింది. నాకేమనిపించిందో తెలుసా? "అరె, అమ్మ పంపిన నా తువ్వాలు ఇక్కడ మర్చిపోయానేంటి" అనిపించింది. అంతే. పోతుందేమోనని, జాగ్రత్తగా తీసి భుజాన వేసుకున్నాను. రెండు చేతులూ హ్యాండిల్ మీద వేశాను. కళ్ళల్లో రొయ్యలు తప్ప ఏమీ లేవు.

తువ్వాల్లోంచి చుట్ట వాసన వచ్చింది.

నేను చుట్ట కాల్చను కదా. ఇది నాది కాదేమో అనుకున్నాను. ఎవరిది అనుకున్నాను. అప్పుడు నా చేతులు వాటంతట అవే వచ్చేశాయి.

పొదలు దాటి వెళ్ళాను. బాలస్వామి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద నిలబడి ఉన్నాడు, పళ్ళ మధ్య ఫ్యూజు తీగ, చేతిలో పటకారు. నన్ను చూసి తీగ తీసి, "ఏంటి బాబూ, అలా రొప్పుతున్నారు? అయిపోయింది, ఇంకొక్క క్షణం" అన్నాడు. దిగి వచ్చాడు. నా వైపు చూశాడు. "నా తువ్వాలు మీ భుజం మీదుందేంటి బాబూ?" అని నవ్వాడు.

అతనికి ఏమీ తెలియదు. నేను చెప్పలేకపోయాను. తువ్వాలు ఇచ్చేశాను. అతనే వెళ్ళి హ్యాండిల్ ఎత్తాడు. చక్రాలు తిరిగాయి. కొన్ని రొయ్యలు పోయాయి, చాలా బతికాయి. కాసేపటికి వాళ్ళమ్మ క్యారేజీ తెచ్చింది, నాకు ముద్ద కలిపింది. ఆ ముద్ద పట్టుకుని చెరువు వైపు తిరిగి కూర్చున్నాను.

నాకు ఆ పద్ధతి తెలుసు. నువ్వు రాశావు. ఈ గట్టు మీద దాన్ని నేర్పింది నేను. ఆ తువ్వాలు అతనికి ఇచ్చింది నా చేత్తోనే. అయినా తీసి భుజాన వేసుకున్నాను. రవికుమార్ చిన్నప్పటి నుంచీ విజయవాడ హాస్టల్లో పెరిగాడు. సెలవులకి తప్ప ఊరే రాలేదు. వాడికి తువ్వాలు అంటే తువ్వాలే. వాడు పాండు బావ తువ్వాలు గుర్తుపట్టి, బావకిద్దామని తీసి ఉండడా? వాడికెవరైనా చెప్పారా అమ్మా? వాణ్ణి ఎవరైనా అడిగారా?

నాకు భయమేస్తోంది. ఇన్నాళ్ళూ నువ్వు నాకేమైనా అవుతుందని భయపడ్డావు. నా వల్ల అవుతుందని నువ్వూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. రేపు మళ్ళీ కరెంటు పోతుంది. మళ్ళీ అదే స్తంభం, అదే తువ్వాలు. ఏం చెయ్యాలి?

బసవయ్య

చినలింగాల,
16 అక్టోబరు 2000.

నాయనా బసవా,

నువ్వు ముందే బాగున్నానని రాసి మంచి పని చేశావు. అయినా చివరిదాకా చదివి మళ్ళీ ఆ మొదటి ముక్క చదువుకున్నాను. బాలస్వామి తల్లిని తలుచుకున్నాను. ఆవిడకి ఎప్పటికీ చెప్పకు.

ఆ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను. నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నీ మీద రానిది ఎదురింటి పిల్లాడి మీద ఏడాదిగా ఎలా ఉందో తెలియలేదు.

లేచి వీధి దాటాను. ఎప్పుడూ పది అంగలేసి దాటే వీధి. అచ్చమ్మ వదిన ఇంకా పొలం నుంచి రాలేదు. పొద్దు వాలింది, ఇల్లంతా చీకటిగా ఉంది. లోపల రవికుమార్ ఒక్కడే గోడకానుకుని కూర్చున్నాడు. "లైటేసుకోవేరా" అన్నాను, ఏదో ఒకటి అనాలని. వాడు లేచి నిలబడ్డాడు కానీ స్విచ్చి దగ్గరికి వెళ్ళలేదు. వదిన తర్వాత చెప్పింది. ఏడాదిగా వాడు ఇంట్లో ఒక్క స్విచ్చి వెయ్యడట. కాలేజీ మానేశాడు. తల్లి వచ్చేదాకా చీకట్లోనే ఉంటాడట. మనకి ఎదురుగా, ఒక వీధి అవతల! నేను ముగ్గు ఇటు తిప్పుకుంటూ ఉన్నాను.

నేను అడిగాను. "ఆ రోజు తువ్వాలు ఎందుకు తీశావురా?" అని. ఏడాదిగా ఎవరూ అడగలేదు, పోలీసులు కూడా ఎత్తావా లేదా అనే అడిగారట. వాడు తల వంచుకునే చెప్పాడు. "పాండు బావది అత్తయ్యా. గాలికి కాలవలో పడుద్దేమో, ఇంటికెళ్ళేటప్పుడు ఇచ్చేద్దామని." అంతే అన్నాడు. నువ్వు రాసిన మాటే.

 అక్కడే కూర్చున్నాను. వాడు నీళ్ళు తెచ్చిచ్చాడు, ఇచ్చి దూరంగా నిలబడ్డాడు, కొడతాననుకున్నాడేమో. నీ ఉత్తరం వాడి చేతిలో పెట్టి చదవమన్నాను. నీ అనుమతి లేకుండా చదివించాను, ఏమనుకోకు. చీకట్లో కనబడక గుమ్మం దగ్గరికి వెళ్ళి చదివాడు. చదివాక దాన్ని మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టాడు.

ఈలోగా వదిన వచ్చింది. నన్ను చూసి తట్ట కింద పడేసింది. "వదినా, నువ్వా?" అంది. పడిన తట్ట తీసి పక్కన పెట్టాను. తర్వాత "ఆ ఉండ్రాళ్ళు మళ్ళీ వండుతావా" అన్నాను. ఏడ్చింది, నవ్వింది.

నువ్వు చివర్లో అడిగావు కదా, ఏం చెయ్యాలని. దానికి జవాబు రవికుమార్ చెప్పాడు. "గుడ్డయితే ఎవరైనా తీస్తారత్తయ్యా, మంచిగానే తీస్తారు. తాళం వెయ్యాలి." అని లోపలికెళ్ళి ఒక గొలుసూ తాళమూ తెచ్చాడు. కొని దాచుకున్నాడట. హ్యాండిల్ కిందికి దించి, దాన్నీ స్తంభాన్నీ కలిపి గొలుసు చుట్టి తాళం వెయ్యాలి. తాళంచెవి ఒక్కటే ఉండాలి. అది ఎక్కినవాడి మొలతాడుకి కట్టాలి. వాడు తన కాళ్ళ మీద తాను దిగి వస్తేనే తాళం తీస్తాడు. అప్పుడు ఎవరి ఆత్రమూ ఎవరి ప్రాణమూ తియ్యదు. ఇంత చిన్న సంగతి మనకెవరికీ తోచలేదు. వాడికి తోచింది, కానీ దాన్ని పట్టుకుని ఆ స్తంభం దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక ఇంట్లోనే పెట్టుకున్నాడు.

నిన్న నేనూ మీ నాన్నా వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాం. నేను అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. తుమ్మల వైపు చూడలేదు. వాడు స్తంభానికి ఇవతలే ఆగిపోతే, మీ నాన్న గొలుసు ఒక కొస పట్టుకున్నారు. తాళం ఇప్పుడు మన స్తంభానికే వేలాడుతోంది. మీ నాన్న ఊళ్ళో అందర్నీ పిలిచి చూపించారు. "తువ్వాలుండగా ఇదెందుకు" అని ఒకరిద్దరన్నారు. "తువ్వాలుండగానే నా కొడుకు పోయాడు" అన్నారు ఆయన. 

నాకు భయం పోలేదు బసవా. అబద్ధం చెప్పను. పొద్దున్న ఫ్యాను తిరిగితే మళ్ళీ చెవులు మూసుకున్నాను. ఈ భయం నాతోనే పోతుంది. నువ్వు చెరువు వదలక్కర్లేదు. జనరేటరు వచ్చినా తాళం మాత్రం ఉంచు.

మీకోసం గొలుసూ తాళమూ ఇంకొకటి కొన్నాం. దాన్ని రవికుమార్ తనే తెస్తానన్నాడు. ఎలా వెయ్యాలో బాలస్వామికి తన చేత్తో చూపిస్తానన్నాడు. శుక్రవారం పొద్దున్న బస్సెక్కిస్తాను. పామర్రులో దిగి నాగాయలంక బస్సు ఎక్కుతాడు. ఏడాదిగా ఊరు దాటలేదు, బస్టాండులో తికమక పడతాడేమో, నువ్వు తప్పకుండా ఎదురెళ్ళు. కడుపునిండా అన్నం పెట్టు. నాలుగు రోజులు ఉంచుకో, చెరువులు చూపించు, ఆ మీసాల రొయ్యల్ని చూసి కాస్త నవ్వుతాడు.

ఒక్క సంగతి. బస్టాండుకి వెళ్ళేటప్పుడు నీ భుజం మీద తువ్వాలు లేకుండా చూసుకో. బాలస్వామికి కూడా చెప్పు. ఆ పిల్లాడు బస్సు దిగుతూ అది చూడకూడదు.

నీకూ వాడికీ,
అమ్మ